అప్‌డేట్: ముడి నిలిచింది
కుక్కకు గర్భసంచి తీసే ఆపరేషన్‌లో అండాశయం దగ్గర రక్తనాళాలకు ముడి వేస్తుంటే చెయ్యి వణుకుతోందని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినట్టే రోజూ రాత్రి గ్లవ్స్ వేసుకుని, హాస్టల్ మంచం కోడుకు దారంతో ముడులు వేశాను. రూమ్మేట్ నవ్వాడు, నవ్వనీ.

నిన్న సార్ పక్కన నిలబడగా ఓ వీధికుక్కకు నేనే చేశాను. ఎడమ అండాశయం సులువుగానే పైకొచ్చింది. కుడిది ఇంకాస్త ముందుకు, లోతుగా ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే లిగమెంట్ సాగదీయడానికే చెమటలు పట్టాయి. మొదటి ముడి జారింది. రక్తనాళాలను నొక్కి పట్టే క్లాంప్ ఇంకా తీయలేదు కాబట్టి బతికిపోయాను. సార్ ఏమీ అనకుండా ఇంకో దారం అందించారు. ఈసారి బిగిసింది. క్లాంప్ వదిలి చూస్తే రక్తం చుక్క లేదు.

గంటన్నర పట్టింది. సార్‌కైతే 20 నిమిషాలే. ఈ ఉదయం ఆ కుక్క పెరుగన్నం గిన్నె నాకేసింది.