ఖరగ్‌పూర్ లోకల్‌లో కలకత్తా పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు వెళ్ళివచ్చినవారు ఎవరైనా ఉన్నారా?

ప్రశ్న: పాత సెటిల్‌మెంట్ వాసి

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి అక్కడే రిటైరయ్యారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో మా తాతగారు విజయనగరం వైపు నుంచి పని కోసం వెళ్ళి ఆ ఊళ్ళో స్థిరపడ్డారు. మొన్న నాన్నగారి సంవత్సరీకానికి వెళ్ళినప్పుడు అటక మీది ట్రంకుపెట్టె దింపితే, రగ్గుల అడుగున ఎరుపు, బంగారు రంగుల గుడ్డ జెండా ఒకటి దొరికింది. దాని ఒక అంచు కాలి నల్లబడి ఉంది. కర్రకు కట్టిన పురికొస ముడి ఇంకా విప్పలేదు.

అది ఈస్ట్ బెంగాల్ క్లబ్బు జెండా అని చూడగానే తెలిసింది గాని, ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మా నాన్నగారు దాన్ని పట్టుకుని గ్యాలరీలో నిలబడి అరిచారంటే నాకు ఊహకు అందలేదు. 1970లలో మోహన్ బగాన్‌తో మ్యాచ్ ఉందంటే షిఫ్టు మార్చుకుని, నలుగురైదుగురు స్నేహితులతో కలిసి లోకల్ ఎక్కేవారనీ, ఒకసారి నుదుటికి కట్టుతో తిరిగివచ్చారనీ, 1980 ఆగస్టు తరువాత మాత్రం మళ్ళీ మైదానం గడప తొక్కలేదనీ అమ్మ చెప్పింది. కారణం ఆమెకూ పూర్తిగా చెప్పలేదట.

ఆ ప్రయాణాలు చేసినవారు ఇక్కడ ఉంటే దయచేసి రాయండి. మన తెలుగువాళ్ళు ఆ రెండు క్లబ్బుల్లో ఏ పక్షం ఉండేవారు? గొడవల గురించి చెప్పుకునే మాటలు ఎంతవరకు నిజం?

సమాధానం: నిమ్‌పురా

బాబూ, నేనుండేది ఖరగ్‌పూర్‌లోని నిమ్‌పురాలో, నాకిప్పుడు డెబ్బై దాటాయి. మీ నాన్నగారిని ఎరిగి ఉంటానేమో కూడా, ఆ రోజుల్లో మన తెలుగు కుర్రాళ్ళు ఆ లోకల్‌లో అంతమంది ఉండేవారు.

ముందుగా పక్షం సంగతి. బెంగాలీలకు ఇది పుట్టుకతో వచ్చే విషయం. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన బాంగాల్ కుటుంబాలది ఈస్ట్ బెంగాల్, పశ్చిమాన పాతుకుపోయిన ఘోటీ కుటుంబాలది మోహన్ బగాన్. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే వాళ్ళింట పులస, మోహన్ బగాన్ గెలిస్తే వీళ్ళింట రొయ్యలు. మనం ఈ రెండింటికీ చెందము. అయినా కాలనీలో తెలుగువాళ్ళు చాలామంది ఈస్ట్ బెంగాల్ వైపు నిలవడానికి నేను చూసిన కారణం ఆటగాళ్ళే. 1949 నుంచి నాలుగైదేళ్ళు ఆ క్లబ్బును నడిపించిన వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే ఐదుగురు ఫార్వర్డ్‌లను పంచపాండవులని పిలిచేవారు. ఐదుగురూ దక్షిణాదివాళ్ళే. మా నాన్న అప్పారావు పేరును సొంత తమ్ముడి పేరులా పలికేవాడు. తరువాత సికిందరాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరాం వచ్చాడు. 1961లో ఈస్ట్ బెంగాల్ కలకత్తా ఫుట్‌బాల్ లీగు గెలిచినప్పుడు కెప్టెన్ ఆయనే. ఆ పైన మన రైల్వే జట్టు బి.ఎన్.ఆర్.కు (బెంగాల్ నాగపూర్ రైల్వేకు) ఆడాడు కనుక, వర్క్‌షాపులో ఆయన మాట ఎత్తితే పనిముట్లు కింద పెట్టి మరీ వినేవారు.

ప్రయాణం గురించి ఎంత రాసినా తరగదు. ఖరగ్‌పూర్ నుంచి హౌరా సుమారు 115 కిలోమీటర్లు. రైల్వే పిల్లలం కనుక పాసులు, పీటీఓలు (రాయితీ టికెట్ ఆర్డర్లు) ఉండేవి. బాలీచక్, పాంశ్‌కురా దాటేదాకా పెట్టెలో మన మాటలే వినబడేవి. మెచేదాలో, కోలాఘాట్‌లో రెండు క్లబ్బుల జనమూ ఎక్కడంతో అసలు సందడి మొదలయ్యేది. ఒక పక్షం తలుపు దగ్గర, ఇంకో పక్షం కిటికీల దగ్గర. పాటకు పాట, తిట్టుకు తిట్టు. పెట్టె గోడల మీద అరచేతులతో వేసే దరువుకు ఉలుబేడియా వచ్చేసరికి చేతులు ఎర్రబడిపోయేవి. హౌరాలో దిగి కొందరు వంతెన మీదుగా ట్రాము ఎక్కేవారు. మేము మాత్రం లాంచీలో హుగ్లీ దాటి బాబూఘాట్ దగ్గర దిగి నడిచేవాళ్ళం, ఎందుకంటే ట్రాములో ఎదుటి పక్షం చేతికి చిక్కితే దిగే దారి ఉండేది కాదు.

లీగు వానాకాలంలో జరిగేది గనుక ప్రతి చేతిలోనూ గొడుగు. ఆ గొడుగే ఆయుధం. గ్యాలరీ ముందు క్యూలో గుర్రపు పోలీసులు వచ్చి జనాన్ని గోడకేసి నెట్టినప్పుడు, గుర్రం ఊపిరి వేడిగా మెడ మీద తగలడం నాకు ఇప్పటికీ గుర్తుంది. లోపల ఇటుక ముక్కలు, చెప్పులు, నీళ్ళు నింపిన సీసాలు ఎగిరేవి. మీ నాన్నగారి జెండా అంచు కాలిన సంగతికి వస్తే, మనవాళ్ళు గోల్ వేయగానే దినపత్రికలను గొట్టంలా చుట్టి వెలిగించి దివిటీలుగా పట్టుకునేవాళ్ళం. అంత కిక్కిరిసిన చెక్క గ్యాలరీలో నిప్పు! పక్కవాడి కాగితం మీ జెండాకు అంటుకుని ఉంటుంది. నా చొక్కాలు రెండు అలాగే పోయాయి.

1975లో ఐఎఫ్ఏ (ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్) షీల్డు ఫైనల్లో మోహన్ బగాన్‌ను 5-0తో ఓడించిన రాత్రి తిరుగు లోకల్‌లో కోలాఘాట్ దగ్గర పులస బుట్ట ఒకటి మొత్తంగా కొనేసి, పెట్టెలో ఉన్న అందరికీ, మోహన్ బగాన్ వాళ్ళతో సహా, పంచాము. ఇద్దరు తీసుకోలేదు. ఒకతను తీసుకుని కిటికీలోంచి బయటికి విసిరాడు. కొట్లాట అక్కడ మొదలై పాంశ్‌కురా దాకా సాగింది.

సమాధానం: ఖరీదా, ఆకుపచ్చ-మెరూన్

పై పెద్దలకు నమస్కారం. తెలుగువాళ్ళందరూ అటేనన్నట్టు ధ్వనించకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మా ఇంట్లో మూడు తరాలుగా మోహన్ బగాన్. 1911 జూలై 29న వట్టి కాళ్ళతో ఆడిన పదిమందితో, బూట్లు వేసుకున్న ఒక్కడితో కూడిన జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి షీల్డు గెలిచిన రోజున, బెంగాల్ నలుమూలల నుంచి ప్రత్యేక రైళ్ళలో, స్టీమర్లలో జనం వచ్చారనీ, మైదానం కనబడనివారికి గాలిపటాల మీద స్కోరు రాసి ఎగరేశారనీ మా తాత చెప్పేవాడు. ఆటకోసం రైలెక్కి మరో ఊరు వెళ్ళడమనేది ఈ దేశంలో అక్కడే బలపడిందని నా నమ్మకం.

ఒక విషయంలో మాత్రం పెద్దాయనతో విభేదిస్తాను. ఆ పులస పంచడం ఔదార్యం కాదు. 5-0తో ఓడి కూర్చున్నవాడి చేతిలో గెలిచినవాడి చేప పెట్టడం వాణ్ణి రెచ్చగొట్టడమే. విసిరినవాడు మా చిన్నాన్న అయి ఉండవచ్చు, ఆయన ఆ రాత్రి పై పెదవి చిట్లి ఇంటికి వచ్చాడు. ఆ దెబ్బలను తలుచుకుని నవ్వుకునే అలవాటు మనందరికీ ఉంది గాని, ఇంటి దగ్గర దీపం పెట్టుకుని ఎదురుచూసిన ఆడవాళ్ళు ఆ రాత్రులను తలుచుకుని నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు.

సమాధానం: ఉత్తర ఇంగ్లండ్ నుంచి

మా నాన్నగారు 1970లలో గుంటూరు నుంచి ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రికి డాక్టరుగా వచ్చారు. నేను 1980లలో స్కూలు స్నేహితులతో కలిసి మా ఊరి జట్టు వెంట ఇతర ఊళ్ళకు వెళ్ళేవాణ్ణి కాబట్టి, పోలిక కోసం రాస్తున్నాను.

మాకూ రైళ్ళే. ఫుట్‌బాల్ స్పెషల్ అని, మామూలు ప్రయాణికులకు పనికిరాని పాత పెట్టెలు మాకోసం కేటాయించేవారు. అయితే మీ లోకల్‌లో రెండు పక్షాలూ ఒకే పెట్టెలో కూర్చున్నాయని చదివి ఆశ్చర్యపోయాను. ఇక్కడ స్టేషన్లో దిగగానే పోలీసులు మమ్మల్ని చుట్టుముట్టి, కుక్కలతో, గుర్రాలతో మైదానం దాకా నడిపించేవారు. లోపల మాది విడిగా ఒక మూల. ముందూ పక్కలా ఇనుప కంచె. ఆట అయ్యాక ఇంటి జట్టు జనం వెళ్ళిపోయేదాకా మమ్మల్ని ఆపి ఉంచేవారు. 1985 మార్చిలో లూటన్‌లో లండన్ క్లబ్బు మిల్వాల్ అభిమానులు కుర్చీలు పీకి విసిరిన తరువాత, లూటన్ క్లబ్బు 1986 నుంచి నాలుగు సీజన్ల పాటు బయటి ఊరి అభిమానులను అసలు రానివ్వలేదు. అదే 1985 మేలో బ్రస్సెల్స్ హేసెల్ స్టేడియంలో 39 మంది చనిపోవడంతో ఇంగ్లండ్ క్లబ్బులు ఐదేళ్ళ పాటు యూరప్ పోటీలకు దూరమయ్యాయి.

ఆ రోజులను ప్రేమగా తలుచుకునే నా స్నేహితులు ఇప్పటికీ ఉన్నారు. నేనూ తలుచుకుంటాను. వానలో తడిసి, ఊరు కాని ఊళ్ళో రెండువందల మందిమి ఒకే గొంతుతో పాడిన పాటను మించిన సంతోషం ఆ వయసులో నాకు తెలియదు. కాని నల్లజాతి ఆటగాడి వైపు అరటిపండు విసిరింది ఎదుటి పక్షం ఒక్కటే కాదు. నా వెనక నిలబడి, నా భుజం మీద చేయి వేసి పాడినవాళ్ళే తరువాతి నిమిషంలో కోతి అరుపులు అరిచేవారు. అప్పుడు నేను జేబులో చేతులు పెట్టుకుని, నా రంగు గుర్తుకు రాకూడదని తల దించుకుని నిలబడేవాణ్ణి. ఈ మాట ఆ స్నేహితులకు చెప్పడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

ఇంకొకటి. అల్లరిమూకలను అడ్డుకోవడానికని కట్టిన ఆ కంచెలే 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్ అభిమానులకు బయటికి దారి లేకుండా చేశాయి. మొత్తం 97 మంది చనిపోయారు. తప్పు అభిమానులది కాదని 2016లో న్యాయవిచారణలో జ్యూరీ తేల్చేదాకా, ఆ కుటుంబాలు పోయినవారి దుఃఖంతో పాటు రౌడీలనే నిందను కూడా మోశాయి. అందుకని ఎవరైనా ఆ కాలపు జనాన్ని మొత్తంగా రౌడీలంటే నాకు కోపం వస్తుంది.

మళ్ళీ: పాత సెటిల్‌మెంట్ వాసి

ముగ్గురికీ కృతజ్ఞతలు. జెండా అంచు ఎందుకు కాలిందో తెలిసిందని అమ్మకు ఫోన్‌లో చదివి వినిపించాను. నిమ్‌పురా పెద్దాయనా, మీరు 1980 గురించి ఏమీ రాయలేదు. చెప్పడం కష్టమైతే వద్దు. చెప్పగలిగితే మాత్రం వినాలని ఉంది.

సమాధానం: నిమ్‌పురా

కావాలనే రాయలేదు బాబూ. అడిగారు గనుక రాస్తున్నాను.

1980 ఆగస్టు 16, శనివారం. లీగు మ్యాచ్, ఈడెన్ గార్డెన్స్‌లో. అక్కడి రంజీ స్టేడియం భాగంలో రెండు క్లబ్బుల వాళ్ళూ కలిసే కూర్చున్నారు. ఇంగ్లండ్ సోదరుడు చెప్పిన కంచె గాని, మధ్యన ఖాళీ గాని మాకు లేదు. రెండో సగంలో ఈస్ట్ బెంగాల్ ఆటగాడు దిలీప్ పాలిత్, మోహన్ బగాన్ ఆటగాడు బిదేశ్ బోస్ తలపడడం, రిఫరీ ఇద్దరినీ బయటికి పంపడం జరిగింది. ఆ మంట గ్యాలరీకి అంటుకుంది. రాళ్ళు, ఆ వెంటనే తోపులాట, ఆ పైన మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడడం. పదహారు మంది పోయారు.

నేను ఎదుటి వైపు గ్యాలరీలో ఉన్నాను. అక్కడ నుంచి చూస్తే ఎప్పుడూ జరిగే గొడవలాగే కనిపించింది. మనవాళ్ళు గట్టిగా కొడుతున్నారనుకుని అరిచాను కూడా. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినబడుతుంది. బయటికి వచ్చాక మెట్ల కింద చెప్పుల కుప్ప చూశాను. తడిసిన హవాయి చెప్పులు, తోలు చెప్పులు, ఒక పిల్లవాడి కాన్వాసు బూటు. ఏది ఎవరిదో, ఏ క్లబ్బువాడిదో చెప్పడానికి లేదు.

ఆ రాత్రి లోకల్‌లో ఎవరూ పాడలేదు. కోలాఘాట్‌లో చేపలవాడు పెట్టె తలుపు దాకా వచ్చి, లోపలికి చూసి, మాట్లాడకుండా వెనక్కి వెళ్ళిపోయాడు. జెండాలు కర్ర నుంచి విప్పి చొక్కాల్లో దోపుకున్నవాళ్ళను చూశాను. నాది హౌరాలోనే వదిలేశాను. ఖరగ్‌పూర్‌లో దిగేసరికి ప్లాట్‌ఫారం నిండా ఆడవాళ్ళు. రేడియో విని వచ్చినవాళ్ళు. మా అమ్మ నన్ను ముందు చూసి, చెంప మీద కొట్టి, ఆ తరువాత ఏడ్చింది. మీ అమ్మగారు ఆ ప్లాట్‌ఫారం మీద ఉన్నారేమో అడిగి చూడండి.

ఖరీదా తమ్ముడూ, పులస విషయంలో మీరన్నది నిజమే. మీ చిన్నాన్నగారు ఉంటే నా క్షమాపణ చెప్పండి.

ఏటా ఆగస్టు 16న కలకత్తాలో ఆ పదహారు మంది పేరున రక్తదానం జరుగుతుంది. ఏ క్లబ్బువాళ్ళయినా వస్తారు. అరవై ఐదు నిండేదాకా నేను ఇచ్చాను, ఆ తరువాత నా రక్తం తీసుకోలేమన్నారు. ఇప్పుడు మా మనవడు వెళ్తున్నాడు, వాడి వెంట నేనూ వెళ్ళి ఆ మెట్ల వైపు కాసేపు నిలబడి వస్తాను. మీరు రాదలచుకుంటే ముందురోజు సాయంత్రానికి నిమ్‌పురా వచ్చేయండి, పొద్దున్న మొదటి లోకల్‌కే బయలుదేరుదాం. జెండా తెచ్చినా ఫరవాలేదు, ముడి మాత్రం విప్పకండి.