టీఆర్ఎన్ఏ జన్యువు దగ్గర ఫోర్క్‌ను ఆపుతున్నది ప్రోటీనా, ఆర్‌లూపా?

నమస్కారం. బేకరీ ఈస్ట్‌లో డీఎన్ఏ ప్రతికృతికి తోడ్పడే ఆర్‌ఆర్‌ఎమ్3, పిఫ్1 అనే హెలికేజ్ (డీఎన్ఏ పోగులను విడదీసే) ఎంజైముల మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. ఒకచోట ముందుకు సాగలేకపోతున్నాను. ఈ రంగంలో అనుభవమున్నవారు దారి చూపగలరు.

డీఎన్ఏను గట్టిగా పట్టుకున్న ప్రోటీన్లను దాటి ఫోర్క్ (డీఎన్ఏ రెండుగా విడివడి నకలు అవుతున్న చోటు) ముందుకు సాగడానికి ఆర్‌ఆర్‌ఎమ్3 సాయపడుతుందని, అది లేని కణాల్లో టీఆర్ఎన్ఏ జన్యువుల దగ్గరా, రైబోసోమల్ డీఎన్ఏలో ఫాబ్1 అనే ప్రోటీన్ కూర్చునే అడ్డంకి దగ్గరా ఫోర్క్ ఎక్కువసేపు నిలిచిపోతుందని చదివాను. డీఎన్ఏ ముక్కలను పరిమాణం, ఆకారాలను బట్టి వేరుచేసే నా ద్విమితీయ జెల్‌లోనూ వై ఆకారపు ఫోర్క్‌లు ఏర్పరిచే చాపం మీద, ఫోర్క్ నిలిచిపోయిందనడానికి గుర్తైన నల్లటి చుక్క స్పష్టంగా కనిపించింది. ఫాబ్1ను తొలగిస్తే రైబోసోమల్ అడ్డంకి పోతుంది కాబట్టి అక్కడ కారణం తేల్చడం సులువే. చిక్కంతా టీఆర్ఎన్ఏ జన్యువుతోనే. ఆ జన్యువులోని బి బాక్స్ అనే భాగాన్ని మారిస్తే, అనులేఖనాన్ని (ఆర్ఎన్ఏ తయారీని) మొదలుపెట్టించే టీఎఫ్ఐఐఐసీ ప్రోటీన్ అతుక్కోదు, దాంతో అనులేఖనమూ ఆగిపోతుంది. అప్పుడు చుక్క మాయమైనా, అడ్డుపడింది ప్రోటీన్ల గుంపా లేక ఆర్ఎన్ఏ డీఎన్ఏతో జతకట్టగా ఏర్పడిన ఆర్‌లూపా అన్నది ఎలా తేల్చాలి? డీఎన్ఏతో జతకట్టిన ఆర్ఎన్ఏను కోసే ఆర్ఎన్ఏజ్ హెచ్1 ఎంజైమును అధిక మోతాదులో తయారయ్యేలా చేసి చూస్తే సరిపోతుందా?

ఇంకొక సందేహం. మొదట పిఫ్1ను పూర్తిగా తొలగించి పొరపాటు చేశాను: మైటోకాండ్రియా పనిచేస్తేనే ఈస్ట్ పెరిగే గ్లిజరాల్ ప్లేటు మీద ఒక్క కాలనీ కూడా రాలేదు. మైటోకాండ్రియా డీఎన్ఏ నిలవడానికీ అది కావాలన్న సంగతి అప్పుడు గానీ గుర్తు రాలేదు. ఇప్పుడు ప్రధానంగా కేంద్రకంలోని పనినే దెబ్బతీసే ఎమ్2 అనే పిఫ్1 ఉత్పరివర్తన రూపాన్ని వాడాలనుకుంటున్నాను. అందులో పిఫ్1 చర్య కొంత మిగులుతుంది కనుక, ఆర్‌ఆర్‌ఎమ్3 కూడా లేని కణాల్లో వచ్చే ఫలితాలను ఎంతవరకు నమ్మవచ్చు?