మెట్రో స్థలాల మీద అద్దె లెక్క ఎక్కడ తప్పింది?

ప్రశ్న:
హైదరాబాద్ మెట్రో మొదటి దశకు ప్రభుత్వం 269 ఎకరాలు ఇచ్చింది. మూడు డిపోల దగ్గర 212 ఎకరాలు, 25 స్టేషన్ల దగ్గర 57 ఎకరాలు. వాటిలో 1.85 కోట్ల చదరపు అడుగులు కట్టుకోవచ్చన్నారు. రాబడిలో టికెట్ల వాటా 50 శాతం, ఈ భవనాలది 45, ప్రకటనలది 5 అని లెక్క. తీరా చూస్తే పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారంబాగ్ మాల్స్, రాయదుర్గంలో ఆఫీసులు తప్ప పెద్దగా ఏవీ కనిపించవు. హాంకాంగ్‌లో ఇదే పద్ధతి నడిచింది కదా, ఇక్కడేమైంది?

జవాబు 1:
ఇదే పద్ధతి కాదండీ. అక్కడ మెట్రో నడిపే ఎంటీఆర్ సంస్థ స్టేషన్ పైన కట్టుకునే హక్కు తీసుకుని, రైలు లేనట్టుగా లెక్కగట్టిన ధర ప్రభుత్వానికి కడుతుంది. తర్వాత డెవలపర్లను టెండర్‌లో పిలుస్తుంది. కట్టుబడి ఖర్చు డెవలపర్‌ది, లాభంలో వాటా ఎంటీఆర్‌ది. ఫ్లాట్లు అమ్ముతారు కాబట్టి డబ్బు ఒక్కసారే చేతికొస్తుంది. రైలు వల్ల పెరిగిన ధర రైలు ఖాతాలోకే చేరుతుంది.

మన దగ్గర నేల సర్కారుది. మెట్రో కట్టిన ఎల్ అండ్ టీ కంపెనీకి దక్కింది లీజు హక్కే, ఫ్లాట్ అమ్మడానికి లేదు. నెలనెలా అద్దె రావాల్సిందే. అప్పు మీద వడ్డీ మాత్రం భవనం లేవకముందే మొదలవుతుంది. పైగా ఒప్పందం 35 ఏళ్లకు (మరో 25 పొడిగించుకోవచ్చు), అందులోనే నిర్మాణ కాలమూ ఉంది. సంతకాలు 2010లో, మొదటి రైలు 2017 నవంబర్‌లో. ఆలస్యమైన ప్రతి ఏడాదీ అద్దె తగ్గినట్టే.

జవాబు 2:
పై మాటకు ఒకటి కలుపుతాను. 2006 భవన నిబంధనలతో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ (ప్లాటు విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్క) పరిమితి పోయింది. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) సరిపోతే చాలు. స్టేషన్ ఎదురు ప్లాటు యజమాని సొంత భూమి మీద ఎంతైనా లేపుకుంటాడు, అమ్ముకుంటాడు. అదనపు ఎఫ్‌ఎస్‌ఐ అమ్మి మెట్రోకు డబ్బు రాబట్టే దారి అక్కడే మూసుకుపోయింది. లీజు స్థలానికి ఈ పోటీ చిన్నది కాదు.

నేల మీద ఆశ ఏ స్థాయిలో ఉండేదంటే, 2008లో మొదటి టెండర్ గెలిచిన మేటాస్ కూటమి ప్రభుత్వానికే 30,311 కోట్లు ఎదురు చెల్లిస్తామంది. 2009లో ఆ ఒప్పందం రద్దయ్యింది. మళ్లీ టెండర్ పిలిస్తే గెలిచిన ఎల్ అండ్ టీ 1,458 కోట్ల వయబిలిటీ గ్యాప్ ఫండ్ (రాబడి చాలని ప్రాజెక్టుకు ప్రభుత్వం ఇచ్చే సాయం) అడిగింది.

ప్రశ్న వేసినవారు:
సరే, డిపోల మీద ఇప్పుడు కట్టకూడదా? నేల ఎక్కువ ఉన్నది అక్కడే కదా.

జవాబు 3:
మొదటే అనుకుంటే సులువు. పట్టాలు వేయకముందే పునాదులు, పిల్లర్లు పైభవనం బరువుకు తగ్గట్టు వేసుకోవాలి. పట్టాల మధ్య దొరికే సందులూ పైన ఫ్లాట్లకు, పార్కింగ్‌కు కావలసిన పిల్లర్ల వరసా కలవవు. అందుకే పై పిల్లర్ల బరువును కింది పిల్లర్లకు మళ్లించే మందపాటి ట్రాన్స్‌ఫర్ స్లాబ్ మధ్యలో వేస్తారు, అదే అసలు ఖర్చు. డిపోకు కప్పు పడితే పొగ బయటికి లాగే ఏర్పాటు, స్ప్రింక్లర్లు కూడా కావాలి.

రైళ్లు తిరగడం మొదలయ్యాక ఇదంతా నరకం. నెత్తిమీద 25 వేల వోల్టుల తీగ. లైన్‌లో అయితే రాత్రి కరెంటు ఆపి పని చేయొచ్చు. డిపోలో రాత్రే అసలు రద్దీ, రైళ్లన్నీ కడగడానికీ తనిఖీకీ వచ్చేది అప్పుడే. విశాఖ, విజయవాడల్లో కట్టాలనుకుంటున్న మెట్రో డిపోల డ్రాయింగుల్లో ఒక మూలనైనా పైభవనం పిల్లర్లు చూపించమని ఇప్పుడే అడగండి. పట్టాలు లేని అంచున కట్టడం మాత్రం ఎప్పుడైనా కుదురుతుంది.