దుఃఖంలో ఉన్నప్పుడు నవలలో ఊరట వెతుక్కోవడం తప్పించుకోవడమేనా?

ప్రశ్న (నెల్లూరు, రంగనాయకులపేట నుంచి ఒక పాఠకురాలు):

మా అక్క పోయి ఏడు నెలలైంది. పన్నెండు రోజుల కర్మలో గాని, ఆ తర్వాత నెలనెలా పెట్టిన మాసికాలలో గాని నాకు కన్నీరు రాలేదు. వచ్చిన చుట్టాలకు కాఫీలు అందించడం, బావగారికి బ్యాంకు కాగితాలు వెతికిపెట్టడం, అమ్మ చేత నాలుగు ముద్దలు తినిపించడం, వీటితోనే రోజులు గడిచిపోయాయి. గట్టి మనిషినని కొందరు మెచ్చుకున్నారు, కొందరు మరోలా అనుకున్నారు.

క్రిందటి నెలలో అక్క బీరువా సర్దుతుంటే బిభూతిభూషణ్ బందోపాధ్యాయ రాసిన ‘పథేర్ పాంచాలి’ తెలుగు అనువాదం దొరికింది. జ్వరంతో మంచం పట్టిన దుర్గ, తనకు నయమయ్యాక ఒకనాడు రైలు చూపిస్తావా అని తమ్ముడు అపూను అడిగే చోట నాకు ఏడుపు మొదలై తెల్లవారేదాకా ఆగలేదు. మా ఇంటికి రైలుకట్ట దగ్గర. రాత్రిపూట బండి చప్పుడు మంచం దాకా వినిపిస్తుంది. చిన్నప్పుడు అక్కా నేనూ ఆ చప్పుడును బట్టి వెళ్లేది గూడ్సో, ప్యాసింజరో చెప్పాలని పందెం వేసుకునేవాళ్లం.

ఇప్పటికి ఆ నవలను మూడుసార్లు చదివాను. చదివిన రోజున మనసు తేలికపడి నిద్ర పడుతున్నది. అయితే సొంత అక్కకు రాని కన్నీరు ఎక్కడో బెంగాల్ పల్లెలోని కల్పిత బాలికకు రావడం నాకే సిగ్గుగా ఉన్నది. “పుస్తకం పట్టుకుని కూర్చుంటే పోయింది తిరిగొస్తుందా?” అని అమ్మ అంటున్నది. నేను చేస్తున్నది దుఃఖాన్ని తప్పించుకోవడమేనా?

సమాధానం (ఒంగోలు నుంచి విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు):

అమ్మా, మీరు ఏడ్చింది మీ అక్క కోసమే. దుర్గ అందుకు చోటు ఇచ్చింది, అంతే. ఇంట్లో మీరు కాఫీలు ఇవ్వవలసిన మనిషి, కాగితాలు వెతకవలసిన మనిషి. నవల ముందు కూర్చున్నప్పుడు మాత్రం మిమ్మల్ని ఎవరూ ఏ పనీ అడగరు, మీ ముఖం ఎలా ఉన్నదో చూడరు.

భవభూతి ‘ఉత్తరరామచరితం’ మూడవ అంకంలో ఒక మాట ఉన్నది: చెరువు నిండి పొర్లబోతున్నప్పుడు నీటిని బయటికి వదలడమే ఉపాయం, శోకంతో కలగిన హృదయం కూడా విలపించడం వల్లనే నిలుస్తుంది. మన జిల్లాలలో చెరువు కింద సేద్యం చేసినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు, కలుజు (మిగులు నీరు బయటికి పోయే దారి) లేని చెరువుకు కట్ట దక్కదు. ఇక మీ ఊరి తిక్కనగారినే తీసుకోండి. ఆయన తెనిగించిన భారతంలో యుద్ధం ముగిసిన తర్వాత ధర్మరాజు పట్టాభిషేకానికి ముందు స్త్రీపర్వం వస్తుంది. గాంధారి మొదలైనవారు ఏడ్చిన తర్వాతనే రాజ్యం సంగతి. తప్పించుకోవడమైతే వ్యాసుడు ఆ పర్వాన్నే వదిలిపెట్టి ఉండేవాడు.

సమాధానం (కావలి నుంచి):

మాస్టారి మాటతో ఏకీభవిస్తూనే, నవల అందరికీ ఊరట ఇస్తుందన్న అభిప్రాయం కలగకూడదని ఇది రాస్తున్నాను. మా నాన్న పోయిన తర్వాత చాలా కాలం నేను ఒక్క పేజీ కూడా చదవలేకపోయాను. పైవాక్యం కిందివాక్యానికి వచ్చేసరికి మరచిపోయేవాడిని. అప్పుడే ఒక బంధువు, పాత్రలన్నీ పేజీకొకసారి జీవితసత్యాలు చెప్పే నవల ఒకటి తెచ్చి ఇచ్చాడు. దానిని గోడకేసి కొట్టాలనిపించింది.

మీకు దొరికిన నవల బలమంతా అది ఓదార్చకపోవడంలోనే ఉన్నదని నా అభిప్రాయం. కుంకుమ భరిణ దొంగిలించావని దుర్గను నిందించి కొట్టినప్పుడు ఆమె ఒప్పుకోదు. ఆమె పోయిన తర్వాత, ఊరు విడిచే వేళ, ఆ కుంకుమ భరిణ అపూ చేతికి దొరుకుతుంది. వాడు దానిని ఎవరికీ చూపడు, ఎవరికీ చెప్పడు. వెదురు పొదల్లోకి విసిరేస్తాడు. అక్క తప్పును తమ్ముడు దాచిపెట్టాడు, అంతే. అక్కడ రచయిత ఒక్క నీతివాక్యం కూడా పలకడు. 1955లో వచ్చిన సత్యజిత్ రాయ్ చిత్రంలో అక్కాతమ్ముళ్లు ఇద్దరూ రైలును చూస్తారు. నవలలో మాత్రం దుర్గ రైలు చూడకుండానే పోతుంది. చిత్రం ఎంత గొప్పదైనా ఈ విషయంలో నేను నవల పక్షమే.

సమాధానం (చీమకుర్తి నుంచి ఒక నర్సు):

చదివిన రోజున నిద్ర పడుతున్నదన్నారు కనుక చదవండి. అన్నం, నిద్ర రెండూ తప్పి వారాలు గడిస్తే మాత్రం పుస్తకంతో సరిపెట్టుకోకుండా వైద్యుడిని కలవండి.

ప్రశ్న అడిగిన పాఠకురాలు:

అందరికీ కృతజ్ఞతలు. కావలి నుంచి రాసినవారు చెప్పిన భరిణ ఘట్టాన్ని నిన్న సాయంత్రం అమ్మకు చదివి వినిపించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. “ఆ పిల్ల రైలు చూసిందా?” అని అడిగితే లేదన్నాను. రాత్రి పదకొండు దాటాక బండి వెళ్లింది. నిద్రపోయిందనుకున్న అమ్మ చీకట్లో “గూడ్సు” అన్నది. మా పందెం సంగతి ఆమెకు తెలుసునని నేను ఏనాడూ అనుకోలేదు.