వేదికపై నృత్యం తీయడానికి ఏ లెన్స్, ఏ ఫైల్ సెట్టింగ్?

24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ ఉన్న) డీఎస్ఎల్ఆర్ కెమెరాతో, దానితో పాటు వచ్చే 18-55 మి.మీ. కిట్ లెన్స్‌తో, ఫ్లాష్ వాడకూడని వేదికపై నృత్యాన్ని ఫొటోలు తీస్తున్నాను. 55 మి.మీ. వద్ద అపర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం) ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు కనుక, షట్టర్ 1/500 సెకనుకు ఐఎస్ఓను (కాంతికి కెమెరా స్పందించే స్థాయిని) 6400 దాకా పెంచవలసి వస్తోంది. జేపెగ్‌లో (కెమెరాయే రంగులు దిద్ది, కుదించి ఇచ్చే ఫైల్‌లో) ముఖాలు గరుకుగా, రంగుదీపాల కింద మరీ ఎర్రగా వస్తున్నాయి. షట్టర్‌ను 1/125కు తగ్గిస్తే చేతులు చెదిరిపోతున్నాయి. కెమెరాలోని నాయిస్ రిడక్షన్ (గరుకుదనాన్ని తగ్గించే సెట్టింగ్) పెంచితే దుస్తుల నేత అలికేసినట్లవుతోంది, ఇది నాకు గరుకుదనం కన్నా అధ్వానంగా తోచింది. 14-బిట్ రా ఫైళ్లలో (సెన్సర్ నమోదు చేసిన సమాచారాన్ని దిద్దకుండా ఉంచే ఫైళ్లలో) రంగులను తర్వాత సరిదిద్దగలుగుతున్నాను గానీ, వరుసగా తీసేటప్పుడు బఫర్ (ఫొటోలను తాత్కాలికంగా ఉంచే మెమరీ) నిండి కెమెరా ఆగిపోతోంది. ఇంకా ఎక్కువ తెరుచుకునే ఎఫ్/1.8 లెన్స్ అయితే అదే 1/500 షట్టర్‌కు ఐఎస్ఓ సుమారు 640 సరిపోవాలి. 8 మీటర్ల దూరం నుంచి ఒక్కరిని నిలువెల్లా తీయడానికి 50, 85 మి.మీ. ఎఫ్/1.8 లెన్సుల్లో దేనిని తీసుకుని, 12-బిట్ కంప్రెస్డ్ రా, జేపెగ్‌లలో దేనితో వాడమంటారు?