డోటా 2 ఖాళీ అవుతోందా? బెంగళూరు, చెన్నై ఆటగాళ్ళ చర్చ

మారతహళ్ళి_మిడ్:
కంప్యూటర్‌లో ఐదుగురికి ఐదుగురు ఆడే డోటా 2లో, రాత్రి పన్నెండు దాటాక ఇండియా సర్వర్‌లో యాన్షియెంట్ (ఎనిమిది ర్యాంకుల్లో ఆరోది) పైన ర్యాంక్డ్ మ్యాచ్ దొరకడం గగనంగా ఉంది. దొరికినా అందులో కింది ర్యాంకు లెజెండ్ వాళ్ళు, పై ర్యాంకు డివైన్ వాళ్ళు కలిసిపోయి ఉంటారు. ఏ తెలుగు గ్రూపులో చూసినా "ఆట అయిపోయింది" అన్న మాటే. అందరూ అంటున్నారని నమ్మడం కాదు, కొలిచి చూద్దాం. నిజంగా ఆటగాళ్ళు పోతున్నారా, లేక మన దగ్గర, మన వేళల్లోనే పలచబడుతోందా? తెలిసినవాళ్ళు లెక్కలతో రాయండి.

వార్డ్_లెక్క:
ముందు పెద్ద లెక్క చూద్దాం. డోటా 2 అధికారికంగా విడుదలైంది 2013 జూలైలో. ఒకేసారి ఆడినవాళ్ళ అత్యధిక సంఖ్య 2016 మార్చి నాటిది, 12.9 లక్షలు. ఆ ఎత్తు మళ్ళీ అందలేదు. అయినా ఈమధ్య ఏళ్ళలో రోజువారీ గరిష్ఠం 6 నుంచి 8 లక్షల మధ్యే తిరుగుతోంది. చచ్చిపోయిన ఆటకు ఇంతమంది ఉండరు.

అయితే ఇంకో కోణం కూడా ఉంది. 2016 మొదట్లో, డోటా తెరవడానికి వాడే ఆటల వేదిక స్టీమ్ మొత్తంమీద ఒకేసారి ఉన్నవాళ్ళు 1.2 కోట్ల పైచిలుకు. 2025 మార్చిలో అది 4 కోట్లు దాటింది. అప్పట్లో స్టీమ్‌లో ఉన్న ప్రతి పదిమందిలో ఒకరు డోటాలో ఉండేవారు, ఇప్పుడు యాభైమందికి ఒకరు. ఊరు పెరిగింది, మన వీధి పెరగలేదు. కొత్తవాళ్ళు ఇటు రావడం లేదని ఈ లెక్కే చెబుతోంది.

గ్రాఫు చూసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. బుధవారం తెల్లవారుజామున మన వేళల్లో గీత ఒక్కసారిగా కిందికి పడుతుంది. అది స్టీమ్ వారం వారం చేసుకునే నిర్వహణ పని, ఎవరూ పారిపోలేదు. ఒక్క రోజు గరిష్ఠం పట్టుకుని వాదించకండి, నెల సగటును నిరుటి అదే నెల సగటుతో పోల్చండి. పెద్ద ప్యాచ్ (ఆటలో మార్పుల విడత) వచ్చిన నెలల్ని పక్కన పెట్టండి. 2023 ఏప్రిల్‌లో 7.33తో మ్యాప్ 40 శాతం పెరిగినప్పుడూ, 2024లో క్రౌన్‌ఫాల్ ఈవెంట్ నడిచినప్పుడూ జనం తిరిగొచ్చారు, బహుమతులు తీసుకుని కొందరు వెళ్ళిపోయారు. ఆ వాపును చూసి బలుపు అనుకోకూడదు.

పాతకంపెండియం:
లెక్కలు సరే, టోర్నమెంటు డబ్బు సంగతేంటి? డోటా ప్రపంచ పోటీ ది ఇంటర్నేషనల్ బహుమతి 2021లో 4 కోట్ల డాలర్లు. 2022లో 1.89 కోట్లు. 2023కి 30 లక్షల చిల్లరకు వచ్చేసింది. రెండేళ్ళలో పదో వంతు కూడా మిగల్లేదు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

వార్డ్_లెక్క:
అది ఆటగాళ్ళ లెక్క కాదండీ, అమ్మకాల లెక్క. అప్పట్లో ఆ నిధిలోకి వెళ్ళింది బ్యాటిల్ పాస్ (డబ్బు పెట్టి కొనే బహుమతుల ప్యాకేజీ) అమ్మకాల్లో 25 శాతం. 2023లో ఆట తయారీ కంపెనీ వాల్వ్ బ్యాటిల్ పాస్ పద్ధతినే పక్కన పెట్టింది. చాలామంది ఆటగాళ్ళు దాన్ని ఎప్పుడూ కొననే లేదనీ, ఏడాది పనంతా దానిచుట్టే తిరుగుతోందనీ కారణం చెప్పింది. దాని బదులు ఆ ఏడాది అమ్మిన కంపెండియంలో బట్టలూ బొమ్మలూ దాదాపు లేవు, అందుకే డబ్బు రాలేదు. స్టీమ్‌లో ఆడేవాళ్ళ సంఖ్య మాత్రం ఆ రెండేళ్ళలో పదో వంతుకు పడిపోలేదు. బహుమతి తగ్గితే దెబ్బ తినేది వృత్తి జట్లు. క్యూ (మ్యాచ్ కోసం ఎదురుచూపు) మీద దాని ప్రభావం నెమ్మదిగా, చాలా ఏళ్ళకు కనబడుతుంది.

ఇంకో మాట. ఒకేసారి ఆడేవాళ్ళ సంఖ్యకూ మొత్తం ఆటగాళ్ళ సంఖ్యకూ చాలా తేడా ఉంది. కాలేజీలో రోజుకు నాలుగు మ్యాచ్‌లు ఆడిన మనిషి ఉద్యోగంలో చేరి ఒక్కటే ఆడితే గ్రాఫులో అతని వాటా ముప్పాతిక పోయినట్టు. మనిషి మాత్రం ఎక్కడికీ పోలేదు. పదేళ్ళు దాటిన ఆటలో ముందుగా తగ్గేది మనుషులు కాదు, గంటలు.

పెరుంగుడి_5:
ఇదంతా ప్రపంచ లెక్క. మనకు కావలసింది ఇండియా సర్వర్ లెక్క. అది స్టీమ్ గ్రాఫులో కనబడదు. మ్యాచ్‌ల వివరాలు ఇచ్చే ఓపెన్‌డోటా సైటు సమాచారంలో వెతకాలి, ఇలా.

పబ్లిక్ మ్యాచ్‌ల జాబితా తీయండి. ప్రతి మ్యాచ్‌కూ క్లస్టర్ అని ఒక అంకె ఉంటుంది. ఏ క్లస్టర్ ఏ రీజియన్‌దో చెప్పే పట్టిక వాళ్ళ దగ్గరే ఉంది. ఇండియా రీజియన్ 16, సింగపూర్ 5, దుబాయ్ 6. పక్కనే సగటు ర్యాంకు రెండంకెల్లో ఉంటుంది. మొదటి అంకె పతకం, రెండోది నక్షత్రాలు. హెరాల్డ్ 1, గార్డియన్ 2, క్రుసేడర్ 3, ఆర్కన్ 4, లెజెండ్ 5, యాన్షియెంట్ 6, డివైన్ 7, ఇమ్మోర్టల్ 8. అంటే 54 అంటే లెజెండ్ నాలుగు నక్షత్రాలు.

ఆ జాబితాలో అన్ని మ్యాచ్‌లూ ఉండవు, నమూనా మాత్రమే. అందుకని "ఇండియాలో ఇన్ని మ్యాచ్‌లు" అని మొత్తం చెప్పడానికి అది పనికిరాదు, నిష్పత్తి చెప్పడానికి పనికొస్తుంది. బుధవారం, శనివారం రాత్రి 9 నుంచి 11 వరకు తీసి, రీజియన్ 16 మ్యాచ్‌ల్లో 6తో మొదలయ్యేవి, ఆ పైవి ఎంత శాతమో రాసుకోండి. ఎనిమిది వారాలు అదే వేళకు చేయండి. శాతం నిలకడగా ఉండి జాబితాలో ఇండియా వాటా తగ్గితే అందరూ కలిసి తగ్గుతున్నట్టు. పై శాతం ఒక్కటే పడిపోతే పైవాళ్ళు ఇండియా వదిలి సింగపూర్‌కు మారుతున్నట్టు. మన అనుమానం తేలేది ఈ రెండో దాంట్లోనే. ప్రొఫైల్ దాచుకున్నవాళ్ళ పేర్లు రావు, మ్యాచ్ మాత్రం లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

రాత్రిషిఫ్ట్:
సర్వర్ ఖాళీ అనే ముందు గడియారం చూడున్రి అన్నా. సింగపూర్, మనీలా, కౌలాలంపూర్ మూడూ మనకంటె రెండున్నర గంటలు ముందుంటయ్. మనకు తొమ్మిదైతే అక్కడ పదకొండున్నర. మనకు పదిన్నర దాటిందంటే వాళ్ళు పండుకుంటరు. బెంగళూరుల ఆఫీసు అయిపోయి, ట్రాఫిక్ దాటుకుని, తిని కూసునేసరికి పది అయితది. అప్పుడు సింగపూర్ పెట్టుకుని మ్యాచ్ రాలేదంటే ఎట్ల?

నేను చెప్పేది ఏందంటే, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు ఇండియా, సింగపూర్ రెండూ టిక్ పెట్టున్రి. పదకొండు తర్వాత సింగపూర్ తీసి ఇండియా, దుబాయ్ పెట్టున్రి. దుబాయ్ మనకంటె గంటన్నర వెనక ఉంటది, అక్కడ అప్పుడే జోరు మీదుంటరు. ప్లే డోటా నొక్కినంక రీజియన్ మీద నొక్కితే ఒక్కోదాని పక్కన పింగ్ (సర్వర్‌దాక పోయి వచ్చే టైము, మిల్లీసెకన్లల) కనబడతది. 100 దాటింది మాత్రం ముట్టుకోవద్దు. అన్నీ టిక్ పెట్టి కూసుంటే మ్యాచ్ ఎటో దూరం పోతది, ఆ 40 నిమిషాలు ఖరాబైతయ్.

లాన్‌కేబుల్:
పింగ్ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే "సర్వర్ పాడైంది" అని ఆట మానేసేవాళ్ళలో చాలామంది సమస్య వాళ్ళ ఇంట్లోనే ఉంటుంది.

చెన్నై నుంచి సింగపూర్‌కు నేరుగా వెళ్ళే ఐ2ఐ సముద్రపు కేబుల్ పొడవు దాదాపు 3,200 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే వెళ్ళడానికి 16 మిల్లీసెకన్లు, రావడానికి 16. ఏ ప్లాన్ కొన్నా సింగపూర్ పింగ్ 32 కంటే తగ్గదు. చెన్నైలో 40 నుంచి 50 వస్తే చాలా మంచిది. బెంగళూరు నుంచి చెన్నైకి 350 కిలోమీటర్లకు మరో మూడు నాలుగు కలపండి. రోజూ 45 వచ్చేది ఒక్కసారిగా 200 దాటిందంటే, బంగాళాఖాతం వైపు కేబుల్‌లో ఏదో తేడా వచ్చి ట్రాఫిక్ పడమర చుట్టు తిరిగి వెళ్తున్నట్టు. అది బాగయ్యేదాకా ఇండియా సర్వర్‌లోనే ఆడండి.

వాల్వ్ రిలేలు (మధ్యలో ట్రాఫిక్ అందుకునే సర్వర్లు) చెన్నైలోనూ ముంబైలోనూ ఉన్నాయి. మీ కంప్యూటర్ ముందు దగ్గరి రిలేకు చేరుతుంది, అక్కడినుంచి వాల్వ్ సొంత దారి. అందుకే ఆటల కోసమని అమ్మే వీపీఎన్‌లకు డబ్బు పోయడం దండగ. అవి బాగుచేయగలిగేది మీ ఇంటినుంచి రిలే దాకా ఉన్న ముక్క మాత్రమే, చాలాసార్లు ఆ ముక్క బాగానే ఉంటుంది.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ సమాచారం చూపించే ఆప్షన్ ఆన్ చేసి ఆడండి. పింగ్ నిలకడగా ఉన్నా లాస్ (దారిలో పోయిన డేటా) 1 శాతం దాటి ఎగిరెగిరి పడుతుంటే తప్పు చాలాసార్లు వైఫైదే. పీజీల్లో, అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ మీద ఒక్క గదిలోకే ఇరవై రౌటర్ల సిగ్నల్ వస్తుంది. ముందు 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. వీలైతే క్యాట్ 6 కేబుల్ లాగండి, పది మీటర్ల ముక్క చాలు. లాస్ చాలావరకు తగ్గుతుంది.

మారతహళ్ళి_మిడ్:
వేళలు మార్చి చూస్తాను. మరి ఒకే మ్యాచ్‌లో లెజెండ్, డివైన్ కలవడం ఎందుకు?

సోలోక్యూ_వద్దు:
పదిమంది దొరకాలి, ఒక్కో జట్టులో ఐదు పాత్రలూ నిండాలి, సగటులు దగ్గరగా ఉండాలి. జనం తక్కువైతే యంత్రానికి రెండే దారులు. ఎక్కువసేపు ఆపడం, లేదా ర్యాంకుల తేడాను సాగదీయడం. మొదట ఆపుతుంది, తర్వాత సాగదీస్తుంది.

ఉన్న కొద్దిమందినీ మనమే ముక్కలు చేసుకుంటున్నాం. ఒక్క మిడ్ (నడిమి దారి) పాత్రే టిక్ పెట్టారనుకోండి, ఆ పదిమందిలో మీకున్న చోట్లు రెండే. స్ట్రిక్ట్ సోలో పెడితే పార్టీగా (స్నేహితులతో కలిసి) వచ్చినవాళ్ళంతా లెక్కలోంచి పోయారు. బిహేవియర్ స్కోరు (ఆటలో నడవడికకు ఇచ్చే మార్కులు) పడిపోయి ఉంటే అలాంటివాళ్ళతోనే కలుపుతుంది, అది ఇంకా చిన్న గుంపు. గరిష్ఠం 12,000, దాని దగ్గర్లో ఉన్నవాళ్ళకు క్యూ మామూలుగానే నడుస్తుంది. మధ్యలో వదిలేసి పోవడం, రిపోర్టులు తినడం ఆపి వరసగా మ్యాచ్‌లు పూర్తి చేస్తే స్కోరు పైకొస్తుంది. దగ్గరదారి లేదు.

రాత్రి వేళ ఐదు పాత్రలూ టిక్ పెట్టండి. క్యూ తగ్గుతుంది, రోల్ క్యూ టోకెన్లు కూడా వస్తాయి. వాటిని శనివారం సాయంత్రం మిడ్ కోసం వాడుకోండి.

వేరే ఖాతాతో కింది ర్యాంకుల్లో ఆడే గట్టివాళ్ళ, అంటే స్మర్ఫుల మాట కూడా చెప్పాలి. 2023 సెప్టెంబరులో వాల్వ్ 90,000 స్మర్ఫు ఖాతాలను నిషేధించింది. పెద్ద సర్వర్‌లో ఒక స్మర్ఫు వచ్చినా వేలమందిలో కలిసిపోతాడు. మనలాంటి చిన్న గుంపులో వాడు ఒక్కడే ఒక్క రాత్రిలో నలభై యాభైమంది ఆట చెడగొడతాడు. కొత్తవాళ్ళు పారిపోయేది అక్కడే. అనుమానం వచ్చినప్పుడు బద్ధకించకుండా రిపోర్ట్ చేయండి.

పెరుంగుడి_5:
కొత్తవాళ్ళ సంగతే అసలు ప్రశ్న. ర్యాంక్డ్ ఆడాలంటే ఫోన్ నంబరు కట్టాలి, 100 గంటలు ఆడి ఉండాలి. మ్యాచ్ సగటున 40 నిమిషాలనుకుంటే 150 మ్యాచ్‌లు. రోజుకొకటి చొప్పున ఐదు నెలలు. ఈలోగా 120 దాటిన హీరోల శక్తులు గుర్తుండాలి. షూటింగ్ ఆట వాలరెంట్ 2020 జూన్‌లో వచ్చింది, ముంబైలో సర్వర్లు ఉన్నాయి, పద్ధతి గంటలో అర్థమవుతుంది. బీజీఎంఐకి ఫోనుంటే చాలు. కాలేజీ కుర్రాళ్ళు అటు వెళ్ళడంలో వింతేముంది? స్మర్ఫులను ఆపడానికి 100 గంటల గేటు కావాలి, అదే గేటు కొత్తవాడినీ ఆపుతోంది. తీసేయమని నేను అనను. ఆ 100 గంటలూ తోడుగా ఎవరో ఒకరు ఉండాలంటాను.

తోడు ఉండేవాళ్ళు పాటించవలసిన వరస ఇది. మొదటి వారం కొత్త ఆటగాళ్ళ మోడ్, బాట్‌లతో (కంప్యూటరే ఆడించే ఆటగాళ్ళతో) మ్యాచ్‌లు. హీరోలు మూడే: రైత్ కింగ్, లిచ్, స్నైపర్. రెండో వారంనుంచి టర్బో. 2017లో వచ్చిన ఈ మోడ్‌లో బంగారం, అనుభవం త్వరగా వస్తాయి, టవర్లు బలహీనం, 20, 25 నిమిషాల్లో అయిపోతుంది. ఓడినా నొప్పి తక్కువ. ఇక్కడ జరిగే పెద్ద తప్పు, పాతవాళ్ళు నలుగురు ఒక కొత్తవాడిని తీసుకుని పార్టీగా వెళ్ళడం. పార్టీ ర్యాంకు పైకి పోయి అవతల గట్టివాళ్ళు పడతారు, కొత్తవాడు పదిహేనుసార్లు చచ్చి ఆట తీసేస్తాడు. ఒక పాతవాడు, నలుగురు కొత్తవాళ్ళు ఉండాలి. పాతవాడు ఐదో పాత్రలో (సపోర్ట్) వార్డులు (మ్యాప్ మీద చూపు ఇచ్చే వస్తువులు) పెట్టుకుంటూ మాట సాయం చేయాలి.

కోరమంగళ_పీజీ:
డోటా డౌన్‌లోడ్ 60 జీబీ అనేసరికే మా పీజీలో సగంమంది వెనక్కి తగ్గుతున్నారు. అందరికీ ఒకటే వైఫై.

లాన్‌కేబుల్:
ఒక్కరు దించితే చాలు తమ్ముడూ. 2023 నుంచి స్టీమ్‌లో లోకల్ నెట్‌వర్క్ బదిలీ ఉంది. రెండు కంప్యూటర్లూ ఒకే రౌటర్‌కు కట్టి, రెండింట్లోనూ స్టీమ్ లాగిన్ అయి ఉండాలి. సెట్టింగ్స్‌లో డౌన్‌లోడ్స్‌లోకి వెళ్ళి లోకల్ నెట్‌వర్క్ ఫైల్ బదిలీ ఆన్ చేయండి. ఇద్దరి ఖాతాలు వేరైతే "స్నేహితులకు" లేదా "ఎవరికైనా" అని పెట్టాలి. పంపే కంప్యూటర్‌లో ఆట నడవకూడదు, దానిలోని ఆట తాజా ప్యాచ్‌తో ఉండాలి. గిగాబిట్ పోర్టులకు కేబుల్ పెడితే 60 జీబీ పావుగంట లోపే వచ్చేస్తుంది. హార్డ్ డిస్క్ అయితే అదే అడ్డం పడి ఇంకా ఆలస్యమవుతుంది. 100 మెగాబిట్ పాత రౌటర్ అయితే గంటన్నర పడుతుంది. రౌటర్ వెనక పోర్టు మీద ఏం రాసుందో ముందు చూసుకోండి. పీజీ వైఫైలో కంప్యూటర్లు ఒకదానికొకటి కనబడకుండా ఐసొలేషన్ పెట్టి ఉంటే బదిలీ జరగదు, అప్పుడు వందల రూపాయల్లో దొరికే ఐదు పోర్టుల స్విచ్ ఒకటి తెచ్చుకోండి.

మారతహళ్ళి_మిడ్:
ఇంత చదివాక నా ప్రశ్న నేనే సరిచేసుకుంటున్నాను. ఆట మొత్తం పలచబడిందో లేదో పెరుంగుడి_5 గారి పద్ధతిలో ఎనిమిది వారాలు కొలుద్దాం. బుధవారం నేను తీస్తాను, శనివారం ఎవరైనా తీసుకోండి. ఈలోగా శుక్రవారం రాత్రి తొమ్మిదికి లాబీ (మనవాళ్ళమే ఆడుకునే మ్యాచ్) పెడదామా?

సోలోక్యూ_వద్దు:
పెట్టండి. సర్వర్ ఇండియా, మోడ్ కెప్టెన్స్ మోడ్, చీట్స్ ఆఫ్, ఖాళీ చోట్లలో బాట్‌లు ఆఫ్, పాస్‌వర్డ్ తప్పనిసరి. పదిమందికి పన్నెండుమందిని పిలవండి, ఇద్దరు తప్పకుండా ఆలస్యమవుతారు. ఎంఎంఆర్ (ర్యాంకు పాయింట్లు) రాదని ముందే చెప్పేయండి. జట్లు ర్యాంకు ప్రకారం పంచండి, ఇద్దరు పైవాళ్ళు ఒకవైపు పడకూడదు.

రాత్రిషిఫ్ట్:
శనివారం లెక్క నేను తీస్త. లాబీకి కూడ వస్త, ఐదో పాత్ర నాకు రాసుకో.