ఎడ్యుకేషన్ లోన్ ఉంటే జకాత్ (ఏడాది నిండిన పైసల మీద ముస్లింలు తప్పనిసరిగ ఇచ్చే దానం) లెక్క ఎట్ల తీయాలె?

అస్సలాము అలైకుం. మాది మిర్యాలగూడ, హనఫీ మజ్‌హబ్ (ఇస్లాం ధర్మశాస్త్ర పద్ధతి) వాళ్లం. ఇంజనీరింగుకు తీసుకున్న బ్యాంకు లోన్ ఇంకా 6 లక్షలుంది, నెలకు 9,000 కిస్తీ. చెల్లె పెళ్లికని దాచిన 3,50,000కు ఈ రంజాన్‌తో ఏడాది నిండుతది.

అబ్బా ఏమో లెక్కలకెళ్లి మొత్తం అప్పు తీసేయ్, నీమీద జకాతే లేదంటున్నడు. మా మసీదు ఇమామ్ సాబ్ మాత్రం వచ్చే ఏడాది కిస్తీలే తీయాలన్నరు. అంటే 1,08,000 పోతే 2,42,000 మిగుల్తయి. జకాత్ పడే కనీస హద్దు (నిసాబ్) అయిన 612.36 గ్రాముల వెండి ధర కన్నా ఎక్కువే కాబట్టి రెండున్నర శాతం, 6,050 ఇయ్యాలె. నాకు ఇదే సబబనిపిస్తున్నది, పెళ్లి పైసలైనా చేతిల ఉన్నయి కదా. మీ ఆలిములు (మత పండితులు) ఏం చెప్పిన్రు?

ఇంకోటి. మా గల్లీల ఒక పిల్లగాడు డిగ్రీ పాసైండు, ఫీజు బాకీ అని కాలేజోళ్లు మెమోలు ఇస్తలేరు. వాళ్లమ్మ బీడీలు చుడుతది. ఖురాన్ సూరా తౌబా 60వ ఆయతుల జకాత్ మీద అప్పులోళ్లకు కూడా హక్కుందని ఉంది. ఆ పైసలు నేనే కాలేజీల కడితే జకాత్ అయితదా, వాడి చేతికే ఇయ్యాల్నా? తెలిసినోళ్లు జర చెప్పున్రి, పీజీ అడ్మిషన్ల టైం దగ్గర పడుతున్నది.